పదిహేనో అధ్యాయం నకలు

హాల్లో కంప్యూటర్ ముందు రిటైరైన పోస్టుమాస్టరు, పక్కన నిలబడి ఆయన కోడలు. తెర మీద 'బ్యాకప్ లేదు' అని ఎర్రటి హెచ్చరిక మెరుస్తోంది.

"మామయ్యా, ఈ బ్యాకప్ రోజూ సాయంత్రం పెడుతున్నా, పొద్దున్నకల్లా మాయమవుతోంది. నాకు పిచ్చెక్కిపోతోంది."

"బ్యాకప్పంటే ఏంటమ్మా?"

"మన ఫైళ్లన్నిటికీ నకలు తీసి దాచేది."

"అంటే అన్ని ఫైళ్లనీ ముట్టుకుంటుందా?"

"ముట్టుకోకుండా నకలెలా తీస్తుంది?"

"అయితే ఆ దొంగ ఇదేనా! ఎవరో ఫైళ్లన్నీ కెలుకుతున్నారు, తీసెయ్యమంటారా అని యాంటీవైరస్ రోజూ పొద్దున్నే అడుగుతోంది. తీసెయ్ అని నొక్కేస్తున్నా."

"అయ్యో, రోజూనా?"

"నీ ఆఫీసు ఫైళ్లు పోతాయేమోనని భయంతోనమ్మా."

"నా ఆఫీసువి ఇందులో లేవు మామయ్యా. ఈ బ్యాకప్ పెట్టిందే మీ నవల కోసం."

"నవలా? ఆ సంగతి నీకెలా తెలుసు?"

"తెరిచిపెట్టి కునుకు తీస్తారుగా. పదిహేను అధ్యాయాలూ చదివేశాను."

"ఆ పదిహేనోది నిన్న పొరపాటున చెరిపేశానమ్మా. నకలేమైనా..."

"ఎక్కణ్ణించి వస్తుంది? రోజూ పీకేశారుగా."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మరిప్పుడెలా?"

"ముందు ఈ బ్యాకప్ మనదేనని యాంటీవైరస్‌కి చెబుదాం. తర్వాత ఆ అధ్యాయం నాకు గుర్తున్నంత చెబుతాను, టైపు చేసుకోండి. కాకపోతే ఈసారి అందులో కోడలు అంత గయ్యాళిగా ఉండదు."