చాంద్ బాషా కాలు పట్టిన లాకస్ట్రైన్

కొల్లేరు అడుగు మట్టి తీసి చూడ్డానికి సైంటిస్టులొచ్చారని పేపర్లో పడ్డ రోజున, సోమసుందరం మాస్టారు వెంకటనరసమ్మ టీ కొట్టు దగ్గర ఆ వార్త అందరికీ చదివి వినిపించి, అందులోని ఇంగ్లీషు మాటకి అర్థం చెప్పబోయారు. ఆయన ఏలూరులో జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. "లాకస్ట్రైన్ అంటే సరస్సుకి సంబంధించినదని. ఇది విశేషణం..." అనేలోపే ఒకరు ఫోన్ తీశారు, ఒకరు బండి తీశారు.

వారం తిరక్కుండా అదే మాట పట్టుకుని, చేపల చెరువుల మోటార్లు బాగుచేసే చాంద్ బాషా అదే బల్ల మీద కూర్చుని కథ చెబుతుంటే, వచ్చినవాళ్లు రెండో టీ చెప్పి మరీ వింటున్నారు. మాస్టారు తన టీ పక్కన పెట్టేశారు.

"సైంటిస్టుల్ని పడవెక్కించుకుని నేనే తీసుకెళ్లానండీ. నడి కొల్లేట్లో మట్టి తీసే గొట్టం దింపారు, అది కాస్తా ఇరుక్కుపోయింది. సరేనని నేను దిగాను. దిగీ దిగగానే లాకస్ట్రైన్ వచ్చి నా కాలు పట్టేసుకుంది."

"అది పట్టుకోదు బాషా," అన్నారు మాస్టారు. "విశేషణం. ఒంటరిగా ఎక్కడికీ రాదు."

"ఒంటరిగా ఎందుకొస్తుందండీ, బురదని వెంటబెట్టుకునే వచ్చింది."

అందరూ నవ్వారు. తన సర్వీసు మొత్తంలో ఏ క్లాసూ అలా నవ్వలేదని మాస్టారికి గుర్తొచ్చింది.

"లాకస్ట్రైన్ బురదంటే మామూలు బురద కాదండీ, ముదురు పాకం. కాలు లాగితే అదీ సాగింది. గట్టెక్కాను, సాగింది. బండెక్కి భీమడోలు దాటాను, వెనకాలే తీగలా సాగుతూ వస్తోంది. తాడేపల్లిగూడెం స్టేషన్లో స్తంభానికి కాలు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ?"

"ఏమైందేంటి?" అంది వెంకటనరసమ్మ, పొంగుతున్న పాలని వదిలేసి.

"దుప్పటి లాగినట్టు కొల్లేరంతా కదిలొచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది. గూడకొంగలు టికెట్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాయి. స్టేషన్ మాస్టారు దండం పెట్టి, వెనక్కి తోసెయ్యి బాబూ అంటే, ఉల్లిపాయల లారీతో తోశాను. ఆ తోపుకి చిందిన నీళ్లతో ద్వారకా తిరుమల కొండ మీద భక్తులందరికీ స్నానాలైపోయాయండీ."

మాస్టారు ఇక ఆగలేకపోయారు. మూల కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్న ఫిరోజ్ వైపు తిరిగారు. అతను బాషాకి బావమరిది.

"పడవ నీదే గదా ఫిరోజూ. నువ్వు చెప్పు."

"బావ ఆ రోజు పడవే ఎక్కలేదండీ," అన్నాడు ఫిరోజ్. "నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి ఆయనకి. గట్టు మీద బిర్యానీ పొట్లాలకి కాపలా పెట్టి వెళ్లాం. వచ్చేసరికి సగం లేవు."

కొట్టంతా ఘొల్లుమంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇదే అదనని గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఆ మాటకి అసలు అర్థం..." అని మొదలుపెట్టారు. ఒక్కరూ ఇటు తిరగలేదు. అందరి మొహాలూ బాషా వైపే.

"ఆ సగం పొట్లాలూ ఏమైనట్టు బాషా?" అనడిగారెవరో.

"కొల్లేటి గాలికి పుట్టింది కదండీ," అన్నాడు బాషా నెమ్మదిగా. "లాకస్ట్రైన్ ఆకలి."

మాస్టారు ఆ వాడుకలో తప్పు కోసం వెతికారు. ముందు విశేషణం, వెనక నామవాచకం. అందరూ వెళ్లిపోయాక కూడా వెతుకుతూనే ఉన్నారు. తప్పు దొరకలేదు.

"ఎంత మంచి మాటండీ అది," అంది వెంకటనరసమ్మ, ఆయన ముందున్న గ్లాసు తీసుకుంటూ. "బాషాకి ఎవరు నేర్పారో గానీ."