గవ్వలతిప్పకి కారులో పోయిన సంగతి

తాతబ్బాయని మా బావమరిది. వాడికో తెల్ల అంబాసిడర్ కారుండేది. కారంటే మామూలు కారనుకునేరు, పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టకముందే దాని అద్దాలు తుడిచేవాడంట. వానొస్తే తను తడుస్తూ దానికి గొడుగు పట్టేవాడంట. అలాంటోడు ఆ కారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడంటే ఎందుకు పెట్టాడు? నా డ్రైవింగు చూసి! అదిగో, వంటింట్లోంచి మా ఆవిడ అచ్చాయమ్మ అంటోంది, 'నీది చూసి కాదు, నా మొహం చూసి' అని. సరే, వాళ్లక్క మొహం చూసే అనుకో. 'బావా, ఇది నీకివ్వట్లేదు, అక్కకిస్తున్నాను. దీనికేమన్నా అయిందా, ఇద్దరూ మా గుమ్మం ఎక్కక్కర్లేదు' అన్నాడు. నవ్వుతూ అన్లేదండోయ్.

ఇంతకీ కారెందుకు కావాల్సొచ్చిందంటే, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పెళ్లైన ముప్పయ్యేళ్లలో అదొక్కటే అడిగింది నన్ను, 'ఒక్క రెండ్రోజులు ఏ పనీ లేకుండా సముద్రం ఎదురుగా కూచోవాలయ్యా' అని. గోదారి సముద్రంలో కలిసేచోట గవ్వలతిప్పని ఓ లంక ఉంది, మూడు పక్కలా గోదారి, నాలుగో పక్క సముద్రం. అందరూ ఇవతల బళ్లు వదిలేసి, మోకాల్లోతు బురదలో దిగి పడవెక్కి పోతారు. నేనలా పోతానా? నీళ్లు తీసినప్పుడు లంక దాకా ఇసకమేట బయటపడుద్ది. 'నీ కాలు తడవకుండా కారులోనే దింపుతానే' అన్నాను. రేవులో పడవవాడు, 'పెద్దాయనా, పోటు తిరిగిపోయింది, నీళ్లెక్కుతున్నాయి, రేపు పెందలాడే పోదురుగాని' అన్నాడు. ఎవరితో అంటున్నాడు? రాజమండ్రి వంతెన మీద, కింద రైలు పోతుంటే పైన పందెమేసి ముందు దిగినోడితో! 'తప్పుకో అబ్బాయ్' అన్నాను.

పోనిచ్చాను చూస్కో, కారు ఇసకని తాకలేదు. నన్ను చూసి సముద్రం రెండు గజాలు వెనక్కి జరిగిందంట, చూసినోళ్లు చెప్పారు. ముప్పాతిక దూరం పోయాం. అప్పుడేమైందంటే, కారాగింది. చక్రాలు కూరుకుపోయాయని మీరనొచ్చు. నేనలా అనను, ఆ ఇసకే నా వేగానికి తట్టుకోలేక కిందకి దిగింది. నీళ్లు చక్రాల్లో సగానికొచ్చాయి. తలుపు అంచుకొచ్చాయి. మా ఆవిడ నన్ను తిడితే బాగుండును, తిట్టలేదు. కారుమీద చెయ్యేసి, 'నా తమ్ముడికి నేను ఏ మొహం పెట్టుకుని కనపడతానయ్యా' అంది. అంతే అంది. నేను ఇంకా నోరు తెరిచేలోపే చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగిపోయింది, కాలు తడవనివ్వనని మాటిచ్చిన మనిషిని నేను! ఆ మోకాళ్లతో కుంటుకుంటూ లంక ఒడ్డుకి పోయి కేకేసింది.

ఒడ్డున పల్లెకారులు అలివి వల లాగుతున్నారు. అలివంటే పేద్ద వల, ఇటో వరసా అటో వరసా జనం నిలబడి తాళ్లు పట్టి లాగాలి. ఆ వలకి పెద్ద కొపనాతి పోలయ్య. వచ్చి చూశాడు. 'ఏవయ్యా పెద్దాయనా, సముద్రాన్ని తొక్కించేద్దామనే?' అన్నాడు. ఆడాళ్లంతా ఒకటే నవ్వు. నవ్వుతూనే వల తాళ్లు తెచ్చి కారుకి కట్టారు. మా ఆవిడా పోయి తాడు పట్టుకుంది. 'నువ్వొద్దమ్మా, కూచో' అన్నాడు పోలయ్య. 'నా తమ్ముడి కారయ్యా' అంది, వదల్లేదు. హైలెస్సా అంటే హైలెస్సా! నేనా? నేను స్టీరింగు పట్టుకున్నాను. స్టీరింగు పట్టడమంటే మాటలా? 'కళ్లు మూసుకుని పట్టుకున్నాడు' అంటోంది వంటింట్లోంచి మా ఆవిడ. మూసుకునే పట్టుకున్నాను, ఎంతమంది పట్టగలరలాగ?

కారు ఒడ్డుకొచ్చింది, రెండు పీతల్తో సహా. నేను దణ్ణం పెట్టి తాళం తిప్పబోతుంటే పోలయ్య అడ్డమొచ్చాడు. 'ఆగాగు. మా తాళ్లతో ఒడ్డుకేదొచ్చినా, తాడు పట్టిన ప్రతోళ్లకీ వాటా ఉంది. మా తాతల్నాటి కట్టు' అన్నాడు. 'ఇది చేపటయ్యా, ముక్కలు కొయ్యడానికి?' అన్నాను. ఈలోగా నూకాలమ్మని ఓ ముసలమ్మ కారు చుట్టూ తిరిగి, 'నాకు ఆ కూతపెట్టే ముక్క ఇప్పించండి' అని హారను మీద చెయ్యేసింది. ఇంకోడు తలుపు ఊపి చూస్తున్నాడు. మా ఆవిడే అంది, 'వాటా ఇవ్వాల్సిందే. ఒక్కొక్కళ్లకీ లంక చుట్టూ ఒక తిప్పు.' పోలయ్య ఆలోచించి, 'న్యాయమే' అన్నాడు.

మధ్యాన్నం దాకా ఎండబెట్టాను, ఒక్క చరుపు చరిచాను, కారు గుర్రంలా సకిలించింది. ముప్పైనాలుగు మంది! ఆవేళా తిప్పాను, మర్నాడూ తిప్పాను. నూకాలమ్మ తన తిప్పంతా హారను మీంచి చెయ్యి తియ్యలేదు. పోలయ్య జమీందారులా కాలుమీద కాలేసుకుని, దార్లో కనపడ్డ పీతలక్కూడా చెయ్యి ఊపాడు. అచ్చాయమ్మ మాత్రం ఊరుకుంటేగా, ఆడాళ్లతో కలిసి అందరికీ పులుసు కాచి పెడుతూనే ఉంది. రెండో రోజు పొద్దు వాలుతుంటే, 'అయిపోయిందిరా బాబూ' అని నేను దిగబోతే, పోలయ్య వేళ్లు లెక్కపెట్టి, 'ఇంకో వాటా ఉంది' అన్నాడు. ఎవరిదన్నాను. 'మీ ఆవిడ తాడు పట్టలేదా?'

చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. 'ఎటు పోనిమ్మంటావే?' అన్నాను. 'సముద్రానికేసి తిప్పి ఆపెయ్' అంది. ఆపాను. కాళ్లు చాపుకుని వెనక్కి వాలింది. ఎదురుగా కెరటాలు, కెరటాల మీద ఎర్రటి ఎండ. నేనేదో గొప్ప చెప్పబోయాను. 'నోర్ముయ్యి, నా వాటా ఇది' అంది. మూసుకున్నాను. ఆ ఎరుపంతా పోయేదాకా అలాగే కూచున్నాం, ఆవిడ చెయ్యి నా చేతిమీద పెట్టుకుని.

మర్నాడు నీళ్లు బాగా తీశాక బుద్ధిగా వచ్చేశాం. తాతబ్బాయి కారుచుట్టూ నాలుగుసార్లు తిరిగాడు, లోపల తలపెట్టి వాసన చూశాడు, చేపల వాసన! నావంక ఓ చూపు చూసి, 'అక్కా, బావెలా నడిపాడే?' అన్నాడు. 'చాలా బాగా నడిపాడురా. నేను ఎక్కిన తిప్పులో కారు అసలు కదలనే లేదు' అంది. వాడు వాళ్లక్క మొహంలోకి చూశాడు. ఏం కనపడిందో మరి, 'లోపలికి రండి, భోంచేద్దురుగాని' అన్నాడు.

మా ఆవిడ అన్నదాంట్లో మొదటి మాట ఒక్కటే నేను ఊళ్లో చెప్పుకుంటాను. రెండోది మీరు వినలేదనుకోండి.