పీతల బేసిను

"ఆవకాయ బేసినులో బురద పోసి పీతల్ని వదిలేవేంటే?"

"కాలవ గట్టు జారకుండా కొబ్బరి పీచు చాప అల్లేను కదమ్మా. దాన్ని కొరికి బొరియ చేస్తాయేమో చూస్తున్నాను."

"నీ పరిశోధనకి నా బేసినే దొరికిందా!"

వారం తర్వాత ఓ రాత్రి ఇంజనీరింగ్ కాలేజీ సదస్సు నుంచి వచ్చిన కూతురికి తల్లి అన్నం వడ్డించింది. ఈసారీ సభలో గొంతు పెగలకపోతే పిహెచ్‌డీ మానేస్తానని వెళ్ళేముందు అంది పిల్ల.

"మాట్లాడేవా?"

"ముందు నోట మాట రాలేదమ్మా. ఇంతలో రైతొకాయన లేచి, 'మరి పీతలు కొరికేస్తేనండీ?' అన్నారు. అది మన బేసినులో చూసిందే కదా! ఇంక నన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు."

తల్లి ప్రాణం కుదుటపడింది.

"అయితే మానవుగా?"

"మానను."

"ఆ బేసిను నువ్వే ఉంచుకో. ఈ ఏడు ఆవకాయ బకెట్లో కలుపుతాను."