ఓడ దిగాక నాలుగు రోజులు

"సోమవారం రావలసినవాడివి శుక్రవారం వచ్చావేమిటని ఓనరు గారు అడగడంలో తప్పు లేదు. బట్టీ దగ్గర నా చోట్లో ఎవరో కొత్తతన్ని నిలబెట్టారు, పోనీ అదీ తప్పు కాదనుకుందాం. కానీ జరిగింది వినకుండా నా బట్టీ వాడికి రాసిచ్చేస్తే మాత్రం నేనీ బెంచీ మీంచి లేచేది లేదు!"

ఇలా అని మా బేకరీ మాస్టారు ఎదురుగా ఉన్న టీ కొట్లో బైఠాయించారు. ఆయనకి ఒకపక్క ఓనరు గారు, ఇంకోపక్క కేకుల మీద క్రీము పూలు వేసే ఆవిడ, ఎదురుగా బ్రెడ్డు వ్యాను నడిపే నేను. ఇరవై రెండేళ్ళలో మాస్టారు సెలవు పెట్టింది ఇప్పుడే. భార్యతో ఓడ మీద వారం రోజుల షికారు. ఓడ శనివారమే ఒడ్డు చేరింది, ఈయన మాత్రం చేరలేదు.

"మొదటిరోజు నేనేం ఘనకార్యం చెయ్యలేదు. బ్రెడ్డు ముక్క కొరికి, ఇంకో పది నిమిషాలు పొంగాల్సింది అన్నానంతే. వడ్డించేవాడు విన్నాడు. వంటవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను లోపలికి లాక్కెళ్ళారు. బట్టీ చూడాలి మీరు! మన బేకరీ మొత్తం అందులో పెట్టి తలుపేసెయ్యొచ్చు. సరే, చొక్కా చేతులు మడిచాను. ఆ పూట మూడు వేల మంది బ్రెడ్డు తప్ప ఇంకోటి ముట్టలేదు. మిగతా వంటంతా చేపలకి వేశారు."

"మా వదిన కూడానా అన్నయ్యా?" అంది కేకులావిడ.

"మీ వదినే ముందు తింది, మధ్యలో అడ్డు రాకు. రెండోరోజుకి కెప్టెను నా దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. ఓడ ఎటు తిప్పాలన్నా నన్నే అడగడం. సరే, శనివారం సాయంత్రం రేవులోకి వస్తున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ధన్‌మని ఒక రాయి! అడుగున ఇంత కన్నం!"

"ఎంత?" అన్నాను.

"నీ వ్యాను దూరేంత. అద్దాలు కూడా మడవక్కర్లేదు. నీళ్ళు బుడబుడా వచ్చేస్తున్నాయి, జనం లబోదిబోమంటున్నారు. నేను ఒక్కటే అన్నాను, పిండి తెండి! నూట ఎనభై బస్తాలు. ఆరు డ్రమ్ముల ఈస్టు. ఉప్పు వెయ్యలేదు, సముద్రంలో ఉన్నదే కదా. ముద్ద కలిపి కన్నంలో కుక్కాను. నీళ్ళు ఆగాయి. అక్కడితో అయిపోయిందనుకున్నారా? నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, పిండి పొంగడం మొదలెట్టింది! పొంగుతోంది, ఓడ లేస్తోంది, పొంగుతోంది, ఓడ లేస్తోంది! చివరికి లైట్‌హౌసులో దీపం వెలిగించేవాడు తలెత్తి మాకు చెయ్యి ఊపాడు."

టీ కొట్టాయన పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

"మరి దింపాలి కదా! పొంగిన పిండిని ఒక్కసారిగా గుద్దితే ఏమవుతుంది ఓనరు గారూ? చప్పున కూలుతుంది. మూడు వేల ప్రాణాలండీ! మెల్లగా, ఇటో గుద్దు, అటో గుద్దు, రోజుకి పావు వంతు. ఆదివారం పావు, సోమవారం సగం, మంగళవారం ముప్పావు, బుధవారానికి నీళ్ళకి ఆనింది. గురువారం రైలెక్కాను. ఆ నాలుగు రోజులూ కన్ను మూస్తే ఒట్టు! కెప్టెను నా చేతులు పట్టుకుని, ఓడ మీ పేర రాసిస్తాను, ఉండిపోండి అన్నాడు. నాకు ఓడ ఎందుకయ్యా, నాకో బట్టీ ఉంది అన్నాను."

ఆ చివరి మాట దగ్గర ఆయన బేకరీ వైపు చూశారు. మేం ఓనరు గారి వైపు చూశాం.

"మాస్టారూ," అన్నారు ఓనరు గారు, "ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చెల్లెమ్మ నాకు ఫోన్ చేసింది."

మాస్టారు గబగబా కండువా సర్దుకున్నారు.

"రేవు పక్క లాడ్జిలో ఉన్నాం, ఎనిమిదింటి రైలు వెళ్ళిపోయింది అంది. ఎండ మొహం మీద పడుతున్నా ఈయన కదలట్లేదు, పెళ్ళయిన దగ్గర్నుంచి తెల్లారాక ఈయన పడుకుని ఉండగా నేను చూడలేదు, లేపడానికి చెయ్యి రావట్లేదన్నయ్యా అంది. లేపకమ్మా, ఇంకో నాలుగు రోజులు ఉండి రండి అన్నాను. నిజం చెబితే నువ్వు ఉండవు కాబట్టి టికెట్లు దొరకలేదని చెప్పమన్నది కూడా నేనే. రోజూ పదింటికి లేచావట కదా?"

కేకులావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి... ఆలస్యం ఎందుకైందని నన్ను అడిగారు కదండీ?"

"నువ్వేం చెబుతావో విందామని."

"కొత్తతను?"

"అతను ఉంటాడు. నీ బదులు తెల్లవారుజామున మూడింటికొచ్చి పిండి కలుపుతాడు. నువ్వు ఆరింటికి రా. బట్టీ నీదే, ఎవరికీ ఇవ్వను. తెల్లారేదాకా మాత్రం పడుకో."

ఇంత పెద్ద ఓడని పిండి మీద నిలబెట్టిన మాస్టారు కండువాతో కళ్ళు తుడుచుకుని, ఓనరు గారి చెయ్యి పట్టుకుని అలా కూర్చుండిపోయారు.