చెంగయ్యన్న ఉంగరపు వేలు

ఈ వీడ్కోలు సభను నడిపిస్తున్న డిపో మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న మా చెంగయ్యన్నకు, ఆయన భార్య, మా వదిన వెంకటలక్ష్మమ్మ గారికి డ్రైవర్ జమాలుద్దీన్ నమస్కారాలు. నాకు స్టీరింగు పట్టుకోవడమే తెలుసు, మైకు పట్టుకోవడం ఇదే మొదలు. కుదుపులుంటే కాస్త ఓర్చుకోండి. (నవ్వులు)

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బండికి చెంగయ్యన్న కండక్టరు, నేను డ్రైవరు. జనం కిక్కిరిసిన బండిలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో టికెట్లకు పంచ్ కొడుతూ, "సంకలో బిడ్డ ఉండాడు కదమ్మా, ముందు కూసో, టికెట్ మళ్లీ తీసుకుందువు" అని ఆయన అరుస్తుంటే వెనక సంగతి తెలుసుకోవడానికి నాకు అద్దంలోకి చూడాల్సిన పనే ఉండేది కాదు.

తొంభై ఆరులో ఆ పంచ్ చప్పుడు నెమ్మదించింది. అన్న కుడిచేతి ఉంగరపు వేలు ముడిస్తే తెరుచుకునేది కాదు. ఎడమ చేత్తో లాగితే టక్కుమని విడిపోయేది. "ఏమైందన్నా?" అంటే, "ఏం లేదప్పా, సలికి పట్టేసినాది" అని చేయి జేబులో పెట్టేసేవాడు. వాళ్ల నాయన పక్షవాతంతో మంచం పట్టి పోయాడు. తనకూ అదే మొదలైందని అన్న భయం. ఆ భయాన్ని వదినకు కూడా చెప్పకుండా, సర్వీసు ఇంకా ఏళ్లకేళ్లు ఉండగానే, ఉద్యోగం చాలించుకుంటానని దరఖాస్తు పెట్టేశాడు. సేద్యం మీద ఆశ పుట్టిందేమో అనుకున్నాం. నేనైతే కోపంతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

దరఖాస్తు ఆమోదించినట్టు ఆర్డరు వచ్చిన వారంలోనే, అన్నం తింటుండగా పిడికిలి విడవక అవస్థపడుతున్న మనిషిని వదిన చూసింది. ఆమె పట్టుబడితే ముగ్గురం మదనపల్లెలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన అరచేతిలో వేలి మొదలు దగ్గర నొక్కి చూసి, "ఇది పక్షవాతం కాదయ్యా, ట్రిగ్గర్ ఫింగర్ అంటారు" అన్నాడు. వేలిని ముడిచే తాడులాంటిది ఒకటి సన్నటి గొట్టంలో జారుతుందట. అది వాచి గడ్డకడితే ఆ గొట్టంలో ఇరుక్కుంటుందట. ఏళ్ల తరబడి బిగించి నొక్కే పని చేసేవాళ్లకు రావచ్చు, షుగరుంటే ఇంకా ఎక్కువట. పరీక్ష చేస్తే అన్నకు షుగరూ ఉంది. మొదట్లోనే వస్తే చేతికి విశ్రాంతి, వేలికి పట్టీ, ఒక ఇంజక్షన్‌తో తగ్గిపోయేదేమో. ఇప్పుడు చేతికి మాత్రం మత్తిచ్చి చిన్న కోత పెట్టాలన్నాడు.

"మళ్లీ పంచ్ పట్టుకుంటానా సార్?"

"ఎందుకు పట్టుకోవూ!"

ఆ మాటకు సంతోషించాల్సిన మనిషి ఏడ్చేశాడు. "కాగితం ఇచ్చేసినానే జమాలూ, ఇప్పుడు యాడికి పోయేది?"

(మేనేజరు వైపు తిరిగి)

మేనేజరు గారూ, ఆ దరఖాస్తు వెనక్కి తెప్పించడానికి మీరెంత తిరిగారో నాకు తెలుసు. ఆమోదం అయిపోయాక కుదరదని పై ఆఫీసు వాళ్లు అనేశారు. ఆపరేషన్ అయింది, వేలు సాఫీగా తెరుచుకుంటోంది. మీలో ఎవరికైనా వేలు ఇట్లా పట్టేస్తుంటే దయచేసి జేబులో దాచుకోకండి.

అన్నా, రేపు కుప్పం బండి నేనే తీయాలి. టికెట్ కొని ఎక్కుతానని పొద్దున సరదాగా అన్నావు. కొన్నాళ్లు ఎక్కొద్దన్నా. నిన్ను ప్రయాణికుల మధ్య కూర్చోబెట్టుకుని బండి నడపడం నాకు చేతకాదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.