శ్రీరామ్మూర్తి పన్‌పోళె పోసిన వైనం

శ్రీరామ్మూర్తి చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసి నమ్మాలని గాజువాకలో ఒక లెక్క ఉంది. స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి. అంత ఎత్తున కూర్చున్నవాడికి కిందివాళ్ళు చీమల్లా కనపడతారు కాబట్టి, తను చెప్పేది చీమలకి వినపడేలా చెప్పడం అలవాటైపోయింది.

ఆ పొద్దున్న శ్రీరామ్మూర్తి దుర్గారావు టీ బడ్డీకి వచ్చేసరికి చొక్కా నిండా పిండి మరకలు. మనసులో మూడు రోజుల దిగులు. మరకలు ఎలాగూ దాగవు, దిగులైనా దాగాలని గొంతు పెంచుకుని వచ్చాడు.

అతని కొడుకు చందు పెళ్ళి చేసుకున్నది కార్వార్ అమ్మాయిని. కొంకణి వాళ్ళు. పేరు మేధ. ఇప్పుడు నాలుగో నెల. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. ఇంకో కిలో తగ్గితే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కిస్తానంది డాక్టరు. అప్పుడా పిల్ల, వచ్చిన తెలుగులో, "మా ఇంటి పన్‌పోళె అయితే తింటానేమో మామయ్యా" అంది. పన్‌పోళె అంటే బియ్యంతో పోసే పలచటి తెల్లట్టు. శ్రీరామ్మూర్తి భార్య రోజారమణి, తన తల్లికి తుంటి ఆపరేషనని బొబ్బిలి వెళ్ళింది. వంటిల్లు ఇతని చేతిలో ఉంది. వియ్యపురాలు ఫోన్లో ఎలా చెయ్యాలో చెప్పబోతే, "మీరేం చెప్పక్కర్లేదు చెల్లెమ్మా, నేను పోసినన్ని మీ కార్వారంతా కలిసి పోసుండదు" అని పెట్టేశాడు. ఆనక వీడియో ఒకటి చూశాడు. అందులో మినప్పప్పు లేదు. పాపం మర్చిపోయారనుకుని ఓ గుప్పెడు తనే వేశాడు. మూడు రోజులు, మూడుసార్లు. మూడుసార్లూ మేధ పళ్ళెం దగ్గరకి రాకుండానే, పులుపు వాసనకే బాత్రూంలోకి పరుగెత్తింది.

ఇప్పుడు మళ్ళీ వియ్యపురాలికి ఫోన్ చెయ్యడమంటే తలకాయ తీసి చేతికివ్వడమే. కానీ అసిరమ్మ ఉంది. నేవీ క్వార్టర్స్‌లో రెండిళ్ళలో వంట చేస్తుంది, రోజూ ఈ బడ్డీ దగ్గరే టీ తాగి బస్సెక్కుతుంది. దేశంలో ఉన్న నానా రకాలవాళ్ళ వంటిళ్ళూ చూసిన మనిషి. అడిగితే చెబుతుంది. అడక్కుండా చెప్పించడం ఎలాగన్నదే శ్రీరామ్మూర్తి బాధ. పక్కన కూర్చుని గొప్పలు పోతే ఎక్కడో అక్కడ అడ్డం పడుతుందని ఆశ.

"దుర్గారావూ, అల్లం కాస్త గట్టిగా దంచరా. మూడ్రోజుల్నుంచి ఒకటే వంట. సేతులు పడిపోతన్నాయి."

"అక్క ఊరెల్తే బజ్జీల బండేటైనా పెట్టీసేవా బావా?" అన్నాడు ఆటో అప్పలరాజు.

"బజ్జీలు నీలాటోళ్ళు ఏస్తారు. నాను పన్‌పోళె పోసేను. కొంకణి అట్టు. మన జిల్లా మొత్తమ్మీద ఆ సెయ్యి నాకే ఉంది. ఏదో మా కోడలు నోరు తెరిసి అడిగింది గదాని ఓ పది పోసేను, అంతే. ఎంత పలచన అనుకుంతన్నావ్? పేపరు మీద పెడితే అట్టులోంచి అక్షరాలు అవుపించాయి. పెద్దక్షరాలు కాదు, వధూవరుల ప్రకటనల్లో ఉంటాయి సూడు, అవీ!"

"సంబంధమేటైనా కుదిరిందా మరి?" అన్నాడు దుర్గారావు, పాలు తిరగబోస్తూ.

"నవ్వు, నవ్వు. ఆ పిండి రుబ్బడంలోనే ఉంది కిటుకంతా. రుబ్బి, రాత్రి గిన్నెలో పోసి మూతెట్టీసి పడుకున్నాను. తెల్లారి సూద్దును గదా, మూత లేదు! పిండి పొంగి మూతని ఎత్తుకెళ్ళి అటక మీద పెట్టింది. నాను స్టూలేసుకుని మూత దించీసరికి పిండి గడప దాటీసింది. ఈధిలో కాలవ కడతన్నారు గదా, మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, 'బాబూ, ఈ సిమెంటెక్కడిది, మేం కలిపిందానికంటే బాగుంది' అన్నాడు. మా ఈధి మలుపులో గొయ్యి మూడేళ్ళై ఉందా? ఎల్లి సూసుకో, పూడిపోయింది."

"నిన్న నా ఆటో పడింది అందులోనే," అన్నాడు అప్పలరాజు.

"ఇవాళ పూడింది. మద్దెలో మాటాడకు. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

అసిరమ్మ బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటోంది. వింటోందో లేదో తెలీదు. శ్రీరామ్మూర్తి ఓ కంట ఆమెనీ, ఓ కంట బస్సు వచ్చే వైపునీ చూశాడు.

"పెనం మీద పోసేను. పోసి ఒక్క తిప్పు తిప్పేను. అట్టు పైకి లేచింది, ఫేను గాలికి. కిటికీలోంచి బయటికెల్లిపోయింది. నాను లుంగీ ఎగ్గట్టి ఎనక పడ్డాను. అది గాజువాక జంక్షన్ దాటి, సిందియా దాటి, డాల్ఫిన్స్ నోస్ కొండెక్కీసి, లైట్‌హౌస్‌కి ముసుగేసినట్టు పడింది. సముద్రంలో ఓడ ఆగిపోయింది. దీపం కనపడక కాదు, వాసనకి! కెప్టెన్ వైర్‌లెస్‌లో అడుగుతాడు, 'ఈ అట్టు పోసిన దొరెవడు?' అని. హార్బర్‌లో బోట్లోళ్ళందరూ ఒకటే మాట, 'గాజువాక శ్రీరామ్మూర్తి గారండీ.'"

"పట్టపగలు లైట్‌హౌస్‌లో దీపమేటి బావా?"

"నా అట్టు అడ్డం పడగానే సీకటైపోయింది గదరా, ఏసుకున్నారు."

దుర్గారావు పొయ్యి తగ్గించి మరీ నవ్వాడు. అటుగా పోతున్న ఇద్దరు ఆగి టీ చెప్పారు. అసిరమ్మ మాత్రం ఉలకలేదు. శ్రీరామ్మూర్తి బస్సు వచ్చే వైపు మరోసారి చూశాడు. ఇంకో మెట్టు ఎక్కితే తప్ప లాభం లేదనుకున్నాడు.

"అదేటి గొప్ప! ఆ కబురు ప్లాంటుకి ఎల్లింది. పాతోళ్ళు పిలిసేరు, 'మూర్తిగారూ, మూడు షిఫ్టులోళ్ళకీ మీ సేతి అట్టు కావాల'ని. సరే, పెనమేది? ఉక్కు రేకు ఎర్రగా కాల్చి పరిసేరు, ఇక్కడ్నుంచి కూర్మన్నపాలెం దాకా. గరిటేది? నా పాత క్రేను. పైనుంచి ఒకటే ధార! అంచులు కాలాయి. తిరగెయ్యాల గదా? నాలుగు క్రేన్లు, నాలుగు మూలలు. 'లేపండ్రా!' అన్నాను. లేచింది. ఓలమ్మో, ఆకాశంలో అది మడత పడతంటే అనకాపల్లిలో వానొస్తాదని బట్టలు లోపలెట్టుకున్నారు! తిన్నోళ్ళు తినగా మిగిలింది అప్పన్న కొండ మీద సందనోత్సవానికి సలవపందిరేసేరు. ఆ తర్వాత ఏటైందో తెల్సా?"

"అన్నియ్యా," అంది అసిరమ్మ.

శ్రీరామ్మూర్తి ఠక్కున ఆగాడు.

"ఆ పిండి పొంగిందన్నావా?"

"పొంగదేటి! మూత అటక మీద..."

"తిరగేసేనన్నావా?"

"నాలుగు క్రేన్లమ్మా!"

"మరది పన్‌పోళె కాదు." గ్లాసు బల్ల మీద పెట్టింది. "కార్వార్ మేడం ఇంట్లో తొమ్మిదేళ్ళు పోసేను. పొంగిందంటే మినప్పప్పు ఏసీసేవు. మనోళ్ళ సెయ్యి ఊరుకోదు, నానూ మొదట్రోజు అలాగే ఏసి తిట్లు తిన్నాను. అది పులవకూడదు. తిరగెయ్యకూడదు. నువ్వు పోసింది దిబ్బరొట్టి."

బల్లంతా ఘొల్లుమంది. "దిబ్బరొట్టి లైట్‌హౌస్‌కి ముసుగేసిందిరోయ్!" అని అప్పలరాజు తొడ చరుచుకున్నాడు. "అంత దిబ్బరొట్టి కిందపడుంటే కొండ కుంగిపోయుండేది బావా!"

అసిరమ్మ నవ్వలేదు.

"కోడలు తిన్నాదా?" అని అడిగింది.

శ్రీరామ్మూర్తి నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది. తొమ్మిది తిని పదోది అడిగిందనడం ఎంతసేపు? ఆ మాట అంటే నవ్వులు ఆగుతాయి, పరువు నిలుస్తుంది, అసిరమ్మ సరేనని లేచి బస్సెక్కుతుంది. మధ్యాహ్నం మళ్ళీ అదే పుల్లటి గిన్నె, అదే బాత్రూం తలుపు. పొద్దున్న ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి, "ఫరవాలేదు మామయ్యా, రేపు బాగా వస్తుంది" అని అతన్నే ఓదార్చింది. మణికట్టు మీద గాజు మోచేతి దాకా జారింది.

"లేదు," అన్నాడు. "ఒక్క ముక్కా తిన్లేదు. మూడ్రోజులైంది. ఎలా సెయ్యాలో నాకు తెలీదు అసిరమ్మా."

అప్పలరాజు నవ్వు మధ్యలో ఆపేశాడు. దుర్గారావు ఎందుకో పొయ్యి వైపు తిరిగాడు.

"ఇన్ని ఊర్లు తిరిగొచ్చేవు, ఆ మాట ముందే అనుంటే ఈపాటికి బియ్యం నానుండును," అంది అసిరమ్మ. "విను. ఇప్పుడెల్లి ఒక గ్లాసు పచ్చిబియ్యం నానబెట్టు. పన్నెండింటికి అరచిప్ప కొబ్బరేసి మెత్తగా రుబ్బు. పప్పు వొద్దు, సోడా వొద్దు. ఉప్పేసి నీళ్ళు పొయ్యి, పాలంత పలచనయ్యేదాకా. రుబ్బిన ఎంటనే పొయ్యాల, ఉంచకు. పెనం బాగా కాలాల. గరిటితో పామకు. అంచుల్నుంచి లోపలికి పోసీసి మూతెట్టు. నిమిషం. మడతెట్టి తీసీ. అట్టట్టుకీ పిండి అడుగునుంచి కలుపుతుండాల, లేకపోతే బియ్యం కిందకి దిగిపోద్ది. కొబ్బరీ బెల్లం కలిపి పక్కనెట్టు. వాంతులోళ్ళకి అదే నిలుస్తాది."

"నానూ అదే..." అని మొదలెట్టాడు శ్రీరామ్మూర్తి.

"ఏటి అదే?"

"ఏం లేదు."

మలుపులో బస్సు హారన్ వినపడింది. అసిరమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది, కానీ కదల్లేదు.

"ఓ సారి తిరిగి సెప్పు, ఇంటాను."

శ్రీరామ్మూర్తి లేచి నిలబడ్డాడు. బడ్డీ దగ్గర ఐదుగురూ తననే చూస్తున్నారు.

"ఒక గ్లాసు పచ్చిబియ్యం," అన్నాడు. "అరచిప్ప కొబ్బరి. ఉప్పు. పప్పు లేదు, సోడా లేదు. రుబ్బగానే పొయ్యడం. అంచుల్నుంచి. మూత. తిరగెయ్యడం లేదు."

"కలపడం?"

"అట్టట్టుకీ, అడుగునుంచి."

"ఎంత పలచన?"

అప్పలరాజు ముందుకి వంగాడు, కొత్తది ఏదో రాబోతోందని.

"పాలంత," అన్నాడు శ్రీరామ్మూర్తి. టీ అక్కడే వదిలేసి ఇంటి వైపు నడిచాడు.