పోశవ్వ వాక్యం

బెల్లంపల్లి, 1964. బొగ్గుబాయి కార్మికుల లైన్లలో రాజయ్య ఇల్లు. అతని భార్య పోశవ్వ చనిపోయి ఏడాది. పొద్దున్నే సంఘం పాస్టరు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎందుకొచ్చిండ్రు?"

"గీ ఇంట్ల గడపకొచ్చినోళ్లను ఏం అడుగరంటరు కదా, రాజయ్యా."

"అడుగనిది ఆమె. ఆమె పోయింది. నేను అడుగుత. ఎందుకొచ్చిండ్రు, అయ్యగారూ?"

"లోపలికి రావచ్చునా?"

"రాండ్రి. మంచం మీద కూసోండ్రి. చాయ పెట్టుడు నాకు రాదు."

"చాయ కోసం రాలే. పోశవ్వమ్మ బైబిలు ఒకసారి జర చూపిస్తరా?"

"ఎందుకు?"

"కొత్త గుడి ద్వారం మీద పెట్టే రాయి సంగతి మీకు ఎరుకనే కదా. దాని మీద ఏ వాక్యం చెక్కియ్యాల్నని సంఘాన్ని అడిగిన. ఆడోళ్లందరిది ఒక్కటే మాట. పోశవ్వ వాక్యం."

"ఏ వాక్యం?"

"మీకు తెల్వదా?"

"ఏదో చెప్పుండ్రి."

"'నీ గడపకు వచ్చినవానిని ఎక్కడనుండి వచ్చితివని అడుగకుము, ముందు అన్నము పెట్టుము.' ... ఏమైంది, రాజయ్యా?"

"ఏం కాలే. వేరేది చెక్కియ్యుండ్రి."

"వేరేదా? రాయి కొట్టేటాయన మంచిర్యాలకెల్లి వచ్చిండు. నిన్ననే మొదలుపెట్టిండు. సగం మాటలు అయినయి. కింద అధ్యాయం, వచనం అంకెలు చెక్కాలె. పగటికల్ల చెప్పుమన్నడు."

"మరి చెప్పుండ్రి. పాస్టరు మీరు."

"అక్కడ్నే ఉన్నది పరేషాని. మూడు దినాల సంది వెతుకుతున్న. పాత నిబంధన చూసిన, పౌలు పత్రికలన్ని చూసిన. పరదేశికి అన్నం పెట్టుమని శాన చోట్ల ఉన్నది. గీ మాట మాత్రం ఏడ లేదు."

"సరిగ చూడలేదేమో."

"కావచ్చు. నేను ఈ వాక్యం మీద రెండుసార్లు ప్రసంగం చేసిన, రాజయ్యా. అందరి నోట్ల ఉన్నది కదా, ఏడనో ఉండే ఉంటది అనుకున్న. తెరిచి చూడలే. రేపు ప్రతిష్ఠకు బిషప్పు గారు వస్తరు. తల పైకెత్తి రాయి చదివి, ఇది ఎక్కడిది పాస్టరూ అంటె నేనేం చెప్పాలె?"

"మీ ఫికర్ అదన్నట్టు."

"అదే. దాచుకునుడెందుకు."

"గూట్ల ఉన్నది పుస్తకం. గుడ్డల చుట్టి ఉన్నది. ఆమె పోయినంక నేను ముట్టలే. మీరే తీసుకోండ్రి."

"తీస్తున్న. ... దీంట్ల ఎర్ర దారం ఉన్నది. ఈ పేజీ అంచు చూసిండ్రా, నల్లగైంది. దినాం వేలు పెట్టి తడిమినట్టున్నది. ఇదేనా?"

"నాకేం ఎరుక."

"ఇది... రాజయ్యా, ఇక్కడ గుడారం కొలతలున్నయి. తెరలెన్ని, ఒక్కో తెర ఎన్ని మూరలు, కొలుకులెన్ని. అన్నం మాట లేదు. గడప మాట లేదు."

"ఆమెకు చదువు రాదు. ఏదో ఒక కాడ పెట్టుకున్నది."

"చదువు రాదు. మరి చదివి చెప్పిందెవరు?"

"ఎవరో ఒకరు."

"లైను మొత్తంల చదువొచ్చింది మీ ఒక్కరికే అని మీ పక్కింటి భూమవ్వ చెప్పింది."

"నాలుగు తరగతులు. మా ఊర్ల పంతులు కాడ. అదేం చదువు."

"గుడారం కొలతలు చదవనీకె చాలు కదా."

"అయ్యగారూ, మీరు పోలీసోల్ల లెక్క అడుగుతుండ్రు."

"పోలీసోల్లంటె యాదికొచ్చింది. కమ్యూనిస్టు దళంలకెల్లి వచ్చినాయనకు పోశవ్వమ్మ అన్నం పెట్టిందంటరు. నిజమేనా?"

"నిజమే. యాభైల. తెల్లారంగ వచ్చిండు. కాళ్లకు చెప్పుల్లేవు. తిన్నడు, పోయిండు. గంటకు పోలీసు జమేదారు దిగిండు. వాడు ఎక్కడికెల్లి వచ్చిండే అంటె, 'అడుగలే సారూ, మా వాక్యంల అడుగద్దని ఉన్నది' అన్నది."

"నమ్మిండా?"

"గూబ మీద కొట్టిండు. మల్ల అడిగిండు. ఆమె మల్ల గదే మాట. ఇంకోటి కొట్టిండు."

"మీరు?"

"తలుపెనుక ఉన్న."

"బయటికి రాలే."

"రాలే. ఇంకేమన్న అడుగుతరా?"

"అడుగను. నేను ఈడికి వచ్చి రెండేండ్లు. ఆమెను చూసింది ఒక్క ఏడాది. మిగిలిందంత విన్నదే. కలరా వచ్చిన యేడు ఇచ్చోడ దిక్కుకెల్లి కాలినడకన వచ్చిన తల్లీబిడ్డలను ఎవ్వరు దగ్గరికి రానియ్యకుంటె, ఈ లైన్ల ఇంటికొకరు పంచుకున్నరట. కనకవ్వ సంగతి విన్నరు కదా? కోడిని ఎత్తుకపోనీకె వచ్చినోనికి అన్నం పెట్టింది."

"పెట్టి, వాడు చెయ్యి కడుక్కున్నంక తన్నింది. వాక్యంల తన్నద్దని లేదన్నది."

"నవ్వకుండ్రి."

"నేను నవ్వలే. మీరే నవ్విండ్రు."

"సరే. రెండు వాడలోళ్లు, ఒకళ్ల బాయి నీళ్లు ఇంకొకళ్లు ముట్టనోళ్లు, ఇప్పుడు ప్రేమ విందుకు ఒక్క బంతిల కూసుంటున్నరు. నాకంటె ముందటి పాస్టర్లు నెలకొకసారి వచ్చి పోయేటోళ్లు. వాళ్లు నిలబెట్టలే ఈ సంఘాన్ని. గోడలు లేనినాడు కూడ సంఘం ఉన్నదంటె ఆమెతోనే. మీరూ నేనూ పోయినంక గా రాయి ఉంటది, రాజయ్యా. పుట్టబోయేటోళ్లు దాని కిందికెల్లి లోపలికి పోతరు. అందుకే అడుగుతున్న. అంకెలు చెప్పుండ్రి."

"అంకెలు లేవు."

"అంటె?"

"గా మాట దేవుడిది కాదు."

"మరి ఎవరిది?"

"నాది."

"మీదా?"

"నేను పుట్టిచ్చిన. నలభై తొమ్మిదిల. చలికాలం. షిఫ్టు పగటి రెండింటికి ఇడుస్తుండె. నేను ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టిండ్రు. ప్రతి శనివారం గంతే. 'ఎక్కడికి పోయినవ్?' అన్నది."

"ఎక్కడికి పోయిండ్రు?"

"చూసిండ్రా? మీకు కూడ గదే మాట నోట్లకొస్తది. ఒక ఆడిమనిషి దగ్గరికి పోయిన. స్టేషన్ దిక్కు ఉంటది. పేరు అడుగకుండ్రి."

"అడుగను. చెప్పుండ్రి."

"పోశవ్వ బాప్తిస్మం తీసుకొని అప్పటికి ఆర్నెల్లు. దినాం పొద్దుమీకి పుస్తకం నా చేతుల పెట్టి చదువుమంటది. నేను నమ్మలే, మునుగలే. కాని చదువుత. చదువకుంటె సతాయిస్తది. గా దినం పుస్తకం నా ఒళ్లె పెట్టింది, మల్ల అడిగింది, ఎక్కడికి పోయినవని. నాకు ఆకలైతుంది. మొఖం చూపియ్యనీకె సిగ్గైతుంది. పుస్తకం అడ్డం పెట్టుకొని తెరిచిన. ఏ పేజీ వచ్చిందో చూడలే. చదివినట్టు చేసి గా మాట అన్న. పుస్తకం భాషల అన్న. అడుగకుము, పెట్టుము అని."

"ఆమె?"

"లేచి అన్నం పెట్టింది."

"తర్వాత?"

"తర్వాత ఎన్నడు అడుగలే. పదునాలుగేండ్లు. ఎక్కడికి పోయినవని ఒక్కనాడు అడుగలే. మంచి మంత్రం దొరికిందనుకున్న. నవ్వుకున్న, అయ్యగారూ. గా రాత్రి నవ్వుకుంట తిన్న."

"ప్రభువా."

"తెల్లారి దారం పెట్టింది గా పేజీల. భూమవ్వకు చెప్పింది. భూమవ్వ కనకవ్వకు చెప్పింది. ఆర్నెల్లకు లైనంత గదే. నేను బాయికెల్లి వస్తుంటె ప్రతి ఇంట్లకెల్లి నా అబద్ధం నాకే వినవస్తుండె. గోడకు సుద్దతోని కూడ రాసిండ్రు ఒకసారి. అది రాయనీకె నన్నే పిలిచిండ్రు."

"రాసిండ్రా?"

"రాసిన."

"చెప్పేయవచ్చు కదా, పోశవ్వమ్మకన్న."

"ఏమని? వాక్యం కాదంటె, మరి ఎందుకన్నవంటది. ఎందుకన్ననో చెప్పాలె కదా. ... జమేదారు కొట్టిన నాడు చెప్పుదామనుకున్న. చెంప వాసి ఉన్నది. వేన్నీళ్లు కాగబెట్టి ఇచ్చిన. గంతే చేసిన."

"ఆఖరి దినాలల్ల?"

"గదడుగకుండ్రి."

"సరే."

"జరం తోని పండుకున్నది. మూడు దినాలైంది గుటుక దిగక. 'గా వాక్యం ఒక్కసారి చదువు' అన్నది. దారం పెట్టిన పేజీ తెరిచిన. తెర ఇరువది యెనిమిది మూరలని రాసున్నది. నాకు కండ్లు మంచిగ కనవడుతున్నయి. అయినా నేను గా అబద్ధమే మల్ల చదివిన. ఆమె పుస్తకం దిక్కు చూడలే. నా మొఖం దిక్కు చూసింది. 'మంచిగ చదివినవ్' అన్నది. గంతే. ఇగ మాట్లాడలే."

"అందుకేనా మీరు గుడి దిక్కు రానిది?"

"వస్తె గా మాట వినాలె కదా. మీరైతె దాని మీద ప్రసంగమే చెప్పితిరి."

"నన్నెందుకు అంటరు. నా పాపం నాకు తెలుసు. ... ఇప్పుడు నేనేం చెయ్యాలె? లేని వాక్యాన్ని దేవుని ఇంటి మీద ఎట్ల నిలబెట్టాలె?"

"పలగ్గొట్టుండ్రి. నేనే వస్త. సమ్మెట ఉన్నది ఇంట్ల. ఇన్నేండ్లు బొగ్గు కొట్టిన, ఒక రాయి కొట్టలేనా?"

"కూసోండ్రి, రాజయ్యా."

"ఆమె పేరు మీద నా అబద్ధం నిలబడద్దు. నేను చచ్చినంక అసలే నిలబడద్దు."

"ఆడోళ్లకు ఏం చెప్పుదాం?"

"ఉన్నదే చెప్పుండ్రి. రాజయ్య తిరుగుబోతు, అబద్ధాలకోరు అని. లైన్ల తెల్వనోళ్లు ఎవరు?"

"పోశవ్వమ్మకు తెల్వదు కదా."

"తెల్వదు. గదొక్కటే మంచిగైంది. తెల్వకుంటనే పోయింది."

"అయ్యగారూ! లోపలున్నరా?"

"ఎవరు?"

"నేను, గంగుబాయిని. రాయి కొట్టేటాయన తోలిండు. మాటలన్ని అయిపోయినయట. కింద జాగ ఇడిచిపెట్టి కూసున్నడు. అంకెలు చెప్పుమంటుండు."

"లోపలికి రా, గంగుబాయమ్మా. రాజయ్యా, ఈమె గుడి కట్టే కాడ నీళ్లు మోస్తది. పోయిన ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నది. పోశవ్వ వాక్యమే చెక్కాల్నని అందరికంటె గట్టిగ పట్టుబట్టింది ఈమెనే."

"నాకు ఎరుకనే."

"పట్టుబట్టిన సంగతా?"

"కాదు. ఈమె."

"ఈమె ఉండేది స్టేషన్ దిక్కు... అయ్యో. రాజయ్యా, ఈమెనా?"

"పేరు అడుగనన్నరు కదా, అయ్యగారూ. ... గంగూ, నా ఇంటికి ఎందుకొచ్చినవ్?"

"నీ కోసం రాలే. అయ్యగారి కోసం వచ్చిన. గడప బయట్నే ఉన్న, చూడు."

"గంగుబాయమ్మా, రాయి ఆపుమని చెప్పు. గా వాక్యం బైబిల్ల లేదు."

"లేకుంటెట్ల? పోశవ్వక్క నోటికెల్లి విన్న నేను."

"పోశవ్వ నీకెట్ల ఎరుక, గంగూ?"

"నువ్వు నా దిక్కు వచ్చుడు బందు చేసిన యేడు, గీ ఇంటికి కొట్లాటకు వచ్చిన. రెండు దినాల సంది తిండి లేదు. నువ్వు బాయిల ఉన్నవ్. లైనంత వినేటట్టు తిడుదామని వచ్చిన. నోరు తెరిచేలోపల నా ముందల పళ్లెం పెట్టింది."

"నాకు చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

"నువ్వెవరని అడుగలేదా ఆమె?"

"అడుగలే. నేనే చెప్పబోయిన. చెప్పనియ్యలే. ముందు తినుమన్నది. మా ఇంటి వాక్యమిది అని గా మాట చెప్పింది. మల్ల నేనేం తిట్టాలె?"

"గది వాక్యం కాదు, గంగూ. నేను పుట్టిచ్చిన. నీ ఇంటికెల్లి వచ్చిన నాడు, ఎక్కడికి పోయినవని అడుగకుండ ఆమె నోరు మూపియ్యనీకె పుట్టిచ్చిన."

"నా ఇంటికెల్లి వచ్చిన నాడా?"

"గానాడే."

"అయితె ఇప్పుడు సమజైంది."

"ఏంది?"

"నాలుగేండ్ల సంది ఆమె అన్న మాట ఒకటి నాకు సమజ్ కాకుంట ఉండె. తెలిసినోళ్లను అడుగుదామంటె మొఖం చెల్లకపాయె."

"ఏమన్నది?"

"నేను తింటుంటె పళ్లెంల ఇంకింత అన్నం ఏసింది. ఏసుకుంట అన్నది: 'తిను, చెల్లె. గీ వాక్యం మా ఇంటికి నీ మూలంగనే వచ్చింది.'"